అండమాను నికోబారు దీవులు: నేల, పాలన, మనవారు

మా బాగేపల్లి వైపు పల్లెల్లో అల్లరి పిల్లలను బెదిరించడానికి పెద్దలు రెండు మాటలు వాడేవారు. చిన్న అల్లరికి "బూచోనికి పట్టిస్తా" అనేవారు. పెద్ద అల్లరికి "అండమానుకు పంపిస్తా" అనేవారు. మా అవ్వ నోట ఈ రెండో మాట నేను చాలాసార్లు పడ్డాను. అండమాను ఏ దిక్కున ఉన్నదో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. అయినా అది పోయినవాడు తిరిగిరాని చోటని ఇద్దరికీ తెలుసు. సముద్రం మొగమెరుగని మెట్ట సీమలో, చిత్రావతి ఒడ్డున మేకలు కాసుకొనే ముసలమ్మ నోటికి వెయ్యి మైళ్ళ దూరాన ఉన్న దీవి పేరు ఎలా వచ్చింది?

మన సంఘం వారు ఉగాది సంచికకు ఏదైనా వ్రాయమని అడిగినప్పుడు నాకు ఆ మాటే గుర్తుకు వచ్చింది. నేను చరిత్ర పండితుణ్ణి కాను. మెట్రిక్‌తో చదువు ఆగి, రైల్వేలో గుమాస్తాగా కుదురుకొన్నవాణ్ణి. కాని టికెట్టు కిటికీ దగ్గర కూర్చున్నవానికి పటం చూసే అలవాటు తప్పదు. ఆ అలవాటుతోనే ఈ దీవులను గూర్చి నేను తెలుసుకొన్నది, అక్కడికి పోయిన మన తెలుగువారిని గూర్చి విన్నది, ఇక్కడ వ్రాస్తున్నాను.

పటం విప్పి చూస్తే మొదట ఒక విశేషం కనబడుతుంది. మన చింతామణి, చిక్కబళ్ళాపురం ఉన్న అక్షాంశం మీద వేలు పెట్టి నేరుగా తూర్పుకు జరపండి. పులికాటు సరస్సు వద్ద నేల అయిపోతుంది. అక్కడినుండి అంతా బంగాళాఖాతమే. సుమారు పదమూడు వందల కిలోమీటర్లు నీరు దాటిన తరువాత వేలికి మళ్ళీ తగిలే మొదటి నేల ఉత్తర అండమాను దీవి. అనగా అది మనకు ఎదురింటి అరుగు వంటిది, నడుమ వీధి మాత్రం కొంచెం వెడల్పు. రేఖాంశంలో మనకు వారికి సుమారు పదిహేను డిగ్రీల తేడా. అందువల్ల ఉగాది నాడు మనకంటె గంట ముందే వారికి సూర్యోదయమవుతుంది. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే. అందుచేత అక్కడ చలికాలంలో సాయంకాలం ఐదింటికే దీపాలు పెట్టవలసి వస్తుంది.

ఈ దీవులు ఉత్తర దక్షిణాలుగా సుమారు ఎనిమిది వందల కిలోమీటర్ల పొడవున, తెగిన పూసలదండ వలె పడి ఉన్నవి. బర్మాలోని అరకాన్ కొండల వరుస సముద్రంలో మునిగి, మళ్ళీ సుమత్రాలో పైకి లేచినదనీ, నడుమ నీటిపైకి కనబడే శిఖరాలే ఈ దీవులనీ భూగోళ శాస్త్రం చెబుతుంది. దీవులు, లంకలు, రాళ్ళు అన్నీ కలిపి ప్రభుత్వ లెక్కకు 836. వానిలో మనుష్యులు కాపురమున్నవి 31 మాత్రమే. మొత్తం వైశాల్యం 8,249 చదరపు కిలోమీటర్లు. ఇందులో అండమాను భాగం 6,408, నికోబారు భాగం 1,841. మన చిక్కబళ్ళాపురం జిల్లాకు దాదాపు రెట్టింపు నేల అన్నమాట. జనమో, 2011 జనాభా లెక్కలో మన జిల్లాకు పన్నెండున్నర లక్షలుంటే అక్కడ 3,80,581 మంది మాత్రమే. నేలలో నూటికి ఎనభై పాళ్ళు అడవి కావడమే దీనికి కారణం.

అండమానుకు, నికోబారుకు నడుమ పదవ అక్షాంశం మీద నూటయాభై కిలోమీటర్ల వెడల్పున ఒక జలసంధి ఉన్నది. దానికి పేరు కూడా 'పది డిగ్రీల కాలువ' అనే. అక్కడ కెరటాలు చాలా పెద్దవి. ఈ కాలువకు ఉత్తరాన ఒక ప్రపంచం, దక్షిణాన మరొక ప్రపంచం. ఉత్తరాన ఉత్తర అండమాను, మధ్య అండమాను, బరటాంగ్, దక్షిణ అండమాను దీవులు ఒకదానికొకటి సన్నని కడలి పాయలతో విడివడి ఉన్నవి. దిగువన లిటిల్ అండమాను వేరుగా ఉన్నది. ఉత్తర అండమానులోని శాడిల్ శిఖరం 732 మీటర్ల ఎత్తు, అంటే 2,400 అడుగులు. మన నంది కొండ ఎక్కి దిగినవారికి అది పెద్ద కొండగా తోచదు. కాని నంది కొండ మొదలే మూడు వేల అడుగుల పీఠభూమి మీద ఉన్నదనీ, అది నేరుగా సముద్రంలోనుండి లేచినదనీ గుర్తుంచుకోవాలి. తూర్పున బారెన్ అనే దీవిలో భారతదేశానికంతటికీ ఒకే ఒక సజీవమైన అగ్నిపర్వతం ఉన్నది. ఇది చాలా కాలం నిద్రపోయి 1991లో మళ్ళీ మేల్కొన్నది.

కాలువకు దక్షిణాన కారు నికోబారు, చౌరా, తెరెస్సా, కచాల్, కమోర్తా, నన్కౌరి, లిటిల్ నికోబారు, గ్రేట్ నికోబారు మొదలగు దీవులున్నవి. గ్రేట్ నికోబారు దక్షిణపు కొన భారతదేశానికే దక్షిణపు కొన. బడిలో మనలో చాలామంది కన్యాకుమారి అని వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాము గాని, అది భూభాగానికి మాత్రమే వర్తిస్తుంది. ఆ కొనను ఒకప్పుడు పిగ్మేలియన్ పాయింట్ అనేవారు, ఇప్పుడు ఇందిరా పాయింట్ అంటారు. అక్కడికి సుమత్రా ఎంత దగ్గరో మద్రాసు అంత దూరం.

వానలను గూర్చి మెట్టవాళ్ళకు చెప్పడమే కష్టం. మనకు ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లు పడితే అది మంచి సంవత్సరం. అక్కడ మూడు వేలు. రెండు ఋతుపవనాలూ ఆ దీవుల మీదుగానే పోతవి. అయినా పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి వేసవిలో కుళాయి నీళ్ళకు కటకటే! వాలు నేల మీద పడిన వాన పడినట్టే సముద్రంలోకి జారిపోతుంది, చెప్పుకోదగ్గ నదులు లేవు. ధానిఖారి అనే చిన్న జలాశయం మీద పట్టణం ఆధారపడి ఉన్నది. మూడు వేల మిల్లీమీటర్ల వానలోనూ బిందె పట్టుకొని నిలబడేవారున్నారని తెలిసినప్పుడు, మన బావులను గూర్చి మనం పడే దుఃఖం కొంచెం పంచుకొన్నట్టయింది నాకు.

ఇక చరిత్రకు వద్దాము. ఈ దీవులు మన దక్షిణాది వారికి కొత్త కావు. రాజేంద్ర చోళుడు 1025 ప్రాంతంలో కడలి దాటి చేసిన దండయాత్రలో గెలిచిన చోట్లను చెప్పే తంజావూరు శాసనంలో 'మానక్కవారం' అనే పేరున్నది. అది నికోబారే అని చరిత్రకారుల నిర్ణయం. తరువాత ఏడు వందల ఏళ్ళు ఓడలు మంచినీళ్ళకూ, కొబ్బరికాయలకూ నికోబారులో ఆగుతూ వచ్చినవి. అండమాను తీరానికి మాత్రం భయపడి దూరంగా పోయేవి.

తెల్లవారిలో మొదట ఇక్కడ జెండా నాటినది ఇంగ్లీషువారు కారు, డెన్మార్కు వారు. తమిళనాటి తరంగంబాడిలో కోట కట్టుకొన్న ఆ డేనులే 1755 ప్రాంతంలో నికోబారును ఆక్రమించి తమ రాజు పేరున ఫ్రెడరిక్ దీవులని పిలిచారు. చలి దేశంవారు మలేరియా జ్వరానికి తట్టుకోలేక చచ్చిపోయేవారు, మిగిలినవారు పారిపోయేవారు, మళ్ళీ కొందరు వచ్చేవారు. ఒకసారి డేనులు లేని సమయం చూసి 1778లో ఆస్ట్రియా వారు దిగారు. తెరెస్సా దీవికి ఆ పేరు ఆస్ట్రియా రాణి మరియా తెరెసాను బట్టి వచ్చినదంటారు. చివరకు విసిగిపోయిన డెన్మార్కు 1868లో తన హక్కును ఇంగ్లీషువారికి అమ్మివేసినది. ఆ బేరం నికోబారు వారిని ఎవరూ అడిగి చేసినది కాదు.

అండమానులో ఇంగ్లీషువారి మొదటి ప్రయత్నం 1789లో. లెఫ్టినెంటు ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నావికాధికారి చాతం అనే చిన్న లంక మీద స్థావరం వేశాడు. 1792లో దానిని ఉత్తర అండమానుకు మార్చారు. ఆ చోటు జ్వరాల పుట్ట. 1796లో అన్నీ సర్దుకొని వెళ్ళిపోయారు. అరవై ఏళ్ళు మళ్ళీ అటు చూసినవారు లేరు.

ఆ తరువాత 1857 వచ్చినది. తిరుగుబాటు అణగిన తరువాత ఖైదీలను ఉంచడానికి సర్కారుకు చోటు చాలలేదు. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ అనే జైలు అధికారి రెండువందల మంది ఖైదీలతో అక్కడ దిగాడు. అక్కడినుండి మొదలయినదే మా అవ్వ చెప్పిన అండమాను. ఉత్తరాదివారు కాలాపానీ అన్నారు, మన కోర్టు కాగితాల్లో ద్వీపాంతరవాస శిక్ష అన్నారు. ఖైదీలే అడవి నరికారు, ఖైదీలే దారులు వేశారు, ఖైదీలే తమను కొట్టే కాపలాదార్లకు ఇళ్ళు కట్టారు. మొదటి సంవత్సరాలలో జ్వరంతోనూ, పారిపోయి అడవిలోనూ, ఉరికొయ్య మీదనూ చచ్చినవారు కొల్లలు.

ఇందులో మన తెలుగు నేలనుండి పోయిన వారిని గూర్చి ప్రత్యేకంగా చెప్పాలి. 1857 జూలై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడి చేసినవారిలో తుర్రేబాజ్ ఖాన్ కాల్పులకు బలి అయినాడు. ఆయన తోడి నాయకుడైన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమానుకు పంపారు. ఆయన అక్కడే కన్ను మూశాడు. 1879లో గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు జరిగినది. కల్లు మీద పన్ను, మన్సబుదారు దౌర్జన్యం భరించలేక లేచిన కొండవారు వారు. అణచివేసిన పిమ్మట ఎందరినో ఓడ ఎక్కించి ఇక్కడికే పంపారు. అడవిలో పుట్టినవారిని మరొక అడవి నరకడానికి పంపడమన్నమాట.

మళ్ళీ నలభై ఏళ్ళకు అదే మన్యంలో అల్లూరి సీతారామరాజు లేచాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయిన కథ మనందరికీ తెలుసు. 1924 మే 7న రాజు ప్రాణం పోయినది. ఆయన కుడిభుజాలైన గాము సోదరులలో గంటందొర పోరులో చనిపోయాడు. తమ్ముడు మల్లుదొరను పట్టుకొని మొదట మరణశిక్ష వేసి, తరువాత దానిని ద్వీపాంతరవాసంగా మార్చి అండమానుకు పంపారు. మల్లుదొర బ్రతికి తిరిగి వచ్చాడు. అంతేకాదు, 1952లో స్వతంత్ర భారతపు మొదటి లోకసభకు విశాఖపట్నం నుండి ఎన్నికయినాడు! కాలాపానీ చూసివచ్చిన కొండదొర ఢిల్లీలో చట్టాలు చేసే సభలో కూర్చున్న ఈ సంగతిని మన బడి పుస్తకాలు ఎందుకు పెద్ద అక్షరాలతో వేయవో నాకు అర్థం కాదు. 1930ల్లో కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా ఆ జైలు తిండి తిన్నవారే.

ఆ జైలు పేరు సెల్యులర్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు. నడుమ ఒక గోపురం, దానినుండి సైకిలు చక్రపు ఆకుల వలె ఏడు వరుసల మేడలు, దాదాపు ఏడు వందల గదులు. ఒక వరుస వారికి ఎదుటి వరుస వీపు మాత్రమే కనబడేటట్టు కట్టారు. మనిషి మొగం మనిషికి కనబడకుండా చేయడమే ఆ కట్టడంలోని శిక్ష. పగలు ఎద్దులకు బదులు మనుష్యులను గానుగకు కట్టి రోజుకు ముప్పై పౌన్ల కొబ్బరినూనె తీయించేవారు. సావర్కర్ సోదరులు, బెంగాలీ విప్లవకారులు, గదర్ పార్టీ పంజాబీలు ఉన్నది ఇక్కడే. 1933లోను, 1937లోను జరిగిన నిరాహార దీక్షల తరువాత రాజకీయ ఖైదీలందరినీ 1938 జనవరి నాటికి దేశానికి తరలించారు. ఏడు వరుసలలో ఇప్పుడు మూడే మిగిలినవి. 1979లో దానిని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

ఆనాటి పాలన తీరు కూడా తెలుసుకోదగినది. 1872 ఫిబ్రవరి 8న గవర్నరు జనరలు మేయో ప్రభువు దీవులను చూడవచ్చి, హ్యారియట్ కొండ మీద సూర్యాస్తమయం చూసి దిగి వస్తుండగా షేర్ అలీ అనే పఠాను ఖైదీ చీకట్లో కత్తితో పొడిచి చంపాడు. సామ్రాజ్యంలో అంతటి అధికారి అట్లా చచ్చినది అదొక్కసారే. ఆ సంవత్సరమే అండమానును, నికోబారును ఒకే పాలన క్రింద కలిపి చీఫ్ కమీషనరును వేశారు. కలెక్టరు, జడ్జి, జైలరు, దాదాపు దేవుడు, అన్నీ ఆయనే. ఖైదీకి సుమారు పదేళ్ళు సత్ప్రవర్తన ఉంటే ఒక టికెట్టు ఇచ్చేవారు. మా రైల్వే టికెట్టు వంటిది కాదు, దానితో ఎక్కడికీ పోలేరు. దీవిలోనే భూమి చేసుకొని, పెండ్లి చేసుకొని బ్రతకవచ్చు. ఆడఖైదీలను మగఖైదీలకిచ్చి పెండ్లి చేసేవారు. పంజాబీ మగనికి మద్రాసు ఆలు, బెంగాలీ మగనికి బర్మా ఆలు. కులమెక్కడ, గోత్రమెక్కడ? వారి పిల్లలు, మనవలు 'లోకల్ బార్న్' అనే పేరుతో ఒక కొత్త జాతి అయినారు. వారి ఇంటి భాష హిందుస్తానీ అయినది. అక్కడికి చేరిన తెలుగు ఖైదీల మాట ఆ హిందుస్తానీలోనే కరిగిపోయినది. మలబారు నుండి వచ్చిన మాప్పిళ్ళలు గుంపుగా ఉన్నారు కాబట్టి కాలికట్, తిరూర్, మన్నార్‌ఘాట్ అని తమ ఊళ్ళ పేర్లు అక్కడ పెట్టుకోగలిగారు. రంప పేరున్న ఊరు పటంలో నేను ఎంత వెదకినా కనబడలేదు.

రెండవ యుద్ధంలో జపాను వారు 1942 మార్చి 23న దీవులను పట్టుకొన్నారు. 1943 డిసెంబరులో నేతాజీ వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగురవేసి, ఈ దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. కాని లోపల అధికారమంతా జపాను సైన్యానిదే. గూఢచారులన్న అనుమానంతో వందలాది మందిని హింసించారు, కాల్చారు. 1944 జనవరి 30న ఒక్కరోజునే నలభై నలుగురిని హంఫ్రీగంజ్ వద్ద చంపారు. ఆకలి కూడా తోడయినది. 1945లో ఇంగ్లీషువారు తిరిగి వచ్చి ఖైదీల స్థావరాన్ని రద్దు చేశారు. మా అవ్వ ఆ సంగతి తెలియక తరువాత చాలా ఏళ్ళు నన్ను అక్కడికే పంపుతూ ఉన్నది!

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1950 రాజ్యాంగంలో రాష్ట్రాలను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. డి తరగతిలో ఉన్నది అండమాను నికోబారు ఒక్కటే. పిమ్మట 1956 నవంబరు 1న అది కేంద్రపాలిత ప్రాంతమయినది. ఈ తేదీ మనకూ ముఖ్యమే. అదే రోజు ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది, అదే రోజు కన్నడ ప్రాంతాలు కలిసి పెద్ద మైసూరు రాష్ట్రమయినది. కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడేవారు ఎక్కువైనా జిల్లాను మైసూరులోనే ఉంచారు; మన బాగేపల్లి, చింతామణి అందులోనివే. ఒకే చట్టం ఒకే రోజున మనలను ఒక గట్టున, అండమాను వారిని మరొక గట్టున నిలిపినది.

నేటికీ ఆ దీవులకు శాసనసభ లేదు. 1982 వరకు చీఫ్ కమీషనరు, ఆ తరువాత లెఫ్టినెంటు గవర్నరు రాష్ట్రపతి తరఫున పాలిస్తున్నారు. పై అధికారం ఢిల్లీ హోం శాఖది. రాజ్యాంగం 240వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి చేసే నిబంధనలే అక్కడ చట్టంతో సమానం. హైకోర్టు కలకత్తాది, దాని సర్క్యూట్ బెంచి పోర్ట్ బ్లెయిర్‌లో కూర్చుంటుంది. లోకసభకు ఒకే ఒక సభ్యుడు. మొదట ఆయనను రాష్ట్రపతి నియమించేవారు. 1952లో అట్లా వెళ్ళినవారు నికోబారు వాసి బిషప్ జాన్ రిచర్డ్‌సన్. 1967 నుండి ఎన్నిక జరుగుతున్నది. ఎనిమిది వందల కిలోమీటర్ల పొడవున పరచుకొన్న మూడు లక్షల పైచిలుకు ఓటర్లకు ఒక్కరే ప్రతినిధి. జిల్లాలు మొదట ఒకటే. 1974లో నికోబారును వేరు చేశారు. 2006లో ఉత్తర, మధ్య అండమానులను మరో జిల్లా చేశారు. మన చిక్కబళ్ళాపురం కోలారు నుండి విడివడి జిల్లా అయినది దానికి ఏడాది తరువాతనే. జిల్లా కచేరీకి పోయి ఒక సంతకానికి దినం పోగొట్టుకోవడం మనకు తెలుసు. అక్కడ దినం కాదు, ఓడ తప్పితే వారం పోవచ్చు.

పంచాయతీలు, జిల్లా పరిషత్తు, పట్టణానికి మునిసిపల్ కౌన్సిలు ఉన్నవి. ఈ కౌన్సిలుకు 2022లో జరిగిన ఎన్నికలలో తెలుగుదేశం పార్టీ రెండు స్థానాలు గెలవడం, 2023లో ఆ పార్టీ సభ్యురాలే అధ్యక్షురాలు కావడం మనవారికి వింతగా తోచవచ్చు. ఆంధ్ర దేశానికి వెలుపల, సముద్రం నడుమ సైకిలు గుర్తు! నికోబారు ఆదివాసుల ఊళ్ళలో పంచాయతీలు లేవు. ఊరికొక కెప్టెను, పైన ఆదివాసుల మండలి ఉంటుంది. అక్కడ కొబ్బరి తోట ఒక మనిషిది కాదు, తుహెత్ అనే పెద్ద కుటుంబానిది. బయటివారు అక్కడ భూమి కొనలేరు, అనుమతి పత్రం లేనిదే దిగనుకూడా లేరు. 1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధన ఇందుకు ఆధారం.

ఆ రక్షణ అందరికీ సకాలంలో అందలేదు. ఇంగ్లీషువారు వచ్చిన 1858లో గ్రేట్ అండమానీయులు కొన్ని వేల మంది, పది తెగలు, పది భాషలు. సవాయి రోగం, తట్టు వంటి జబ్బులు తెల్లవారి వెంటా ఖైదీల వెంటా దిగి వారిని తుడిచివేసినవి. 2011 లెక్కలో వారు యాభైకి లోపే. ఆ పదిలో 'బో' అనే భాష తెలిసిన చివరి మనిషి బోవా సీనియర్ అనే వృద్ధురాలు. ఆమె 2010 జనవరిలో చనిపోయినది. చివరి సంవత్సరాలలో తన భాషలో తనతో మాట్లాడడానికి ఆమెకు మరో మనిషి లేడు. నేను ఈ సంగతి చదివిన రాత్రి చాలాసేపు నిద్రపోలేదు. జరావాలు 1998 వరకు బాణాలు పట్టుకొని అడవిని కాచుకొన్నారు. వారి అడవి నడుమగానే ట్రంకు రోడ్డు వేశారు. దానిని మూయాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పినా బండ్లు నడుస్తూనే ఉన్నవి. సెంటినెల్ దీవివారు నేటికీ ఎవరినీ రానివ్వరు, ఇప్పుడు ప్రభుత్వం కూడా వారి జోలికి పోవడం లేదు. గ్రేట్ నికోబారులో షోంపెనులనే అడవివారున్నారు. అదే దీవిలో గలాతియా అఖాతం వద్ద పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కట్టే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. దేశానికి రేవు కావాలనేవారూ, అడవి, షోంపెనులు ఏమవుతారనేవారూ వాదించుకొంటున్నారు. బోవా కథ తెలిసిన తరువాత నా మనస్సు రెండో పక్షం వైపే మొగ్గుతున్నది.

మన తెలుగువారు పెద్ద సంఖ్యలో పోయినది స్వాతంత్ర్యం తరువాత. తూర్పు బెంగాలు నుండి వచ్చిన కాందిశీకులకు 1949 నుండి కుటుంబానికి పదేసి ఎకరాలిచ్చి ప్రభుత్వమే కాపురం పెట్టినది. మనవారికి అట్లా కాదు. ముఖ్యంగా శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుండి చేపలు పట్టేవారు, రేవు కూలీలు, రోడ్డు పనివారు, అడవి పనివారు ఒకరి వెంట ఒకరు ఓడ ఎక్కారు. బావ పిలిస్తే బావమరది, వాని వెంట మేనల్లుడు. పట్నంలోని జంగ్లీఘాట్ వైపు పోతే చేపల రేవులో తెలుగు వినబడుతుందంటారు. 2011 లెక్కలో దీవులలో నూటికి పదముగ్గురు, అనగా యాభై వేల మంది, తెలుగు మాతృభాషగా చెప్పారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత నాలుగో స్థానం మనది. తెలుగు మాధ్యమంలో చెప్పే సర్కారు బడులు కూడా ఉన్నవి. కచేరీ భాష మాత్రం హిందీ, ఇంగ్లీషు.

నిరుడు నేను పనిచేసే స్టేషనులో ఒక పెద్దమనిషి రిజర్వేషను కాగితం నింపి కిటికీలో పెట్టాడు. వివరాలన్నీ హిందీలో వ్రాసి ఉన్నవి. వెనుకనున్న కూతురితో మాత్రం తెలుగులో మాట్లాడుతున్నాడు, అదీ శ్రీకాకుళం యాసలో. రద్దీ లేదు కాబట్టి అడిగాను:

"యా ఊరు స్వామీ మీది?"

"మాది శ్రీకాకుళం జిల్లా బాబూ. ఉండేది పోర్ట్ బ్లెయిర్‌ల. అమ్మాయికి కాలేజీ సీటు కోసం వచ్చినాం."

వారి నాన్నగారు రేవు పనికి పోయారట. తాను అక్కడే పుట్టాడట. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పట్నంలో వీరు బ్రతికిపోయారు గాని, కారు నికోబారులో పనికి పోయిన చిన్నాన్న కొడుకు తిరిగి రాలేదట. ఆ భూకంపంలో దక్షిణపు దీవులు నాలుగు మీటర్లు క్రుంగి ఇందిరా పాయింట్ దీపస్తంభం అడుగు నీళ్ళలోకి పోయినదనీ, ఉత్తర అండమాను కొంచెం పైకి లేచినదనీ నేను చదివి ఉన్నాను. ఆయనకు ఆ కొలతలతో పని లేదు. "మా వోడు పోనాడు బాబూ, దేహం కూడా దొరకలేదు" అన్నాడు.

ఉగాది చేసుకొంటారా అని అడిగాను. "ఎందుకు చేసుకోం? మామిడికాయ, కొబ్బరి బోలెడు. వేపపువ్వు కోసరమే ఇల్లిల్లూ తిరగాల" అని నవ్వాడు. అమ్మాయికి తెలుగు చదవడం వచ్చునా అంటే మొగం చిన్నబుచ్చుకొన్నాడు. "మాటాడతాది. రాయడం, చదవడం రాదు. హిందీ బడిలో ఏసినాం. ఉద్యోగం కావాలి గదా బాబూ."

ఆ మాటకు నేను బదులు చెప్పలేకపోయాను. మా ఇంట్లో కథా అదే. నేను బడిలో చదివినది కన్నడం. తెలుగు అక్షరాలు రాత్రిపూట లాంతరు ముందర మా నాయన పలక మీద దిద్దించినవి. కన్నడం వచ్చినవానికి అవి పది రోజుల పని, రెండూ అక్కచెల్లెళ్ళ లిపులే కదా. అయినా నా కొడుక్కు ఆ పది రోజులు నేను ఇంతవరకు తీరిక చేసుకోలేదు. మనకు ఆంధ్ర సరిహద్దు సైకిలు దూరం. ఆయనకు మూడు రోజుల ఓడ ప్రయాణం. అంత దగ్గర ఉండి నేను చేయనిది ఆయన చేయలేదని ఏ మొగంతో అనను?

కాగితంలో చిరునామా గడి దగ్గర ఆయన మొదట పోర్ట్ బ్లెయిర్ అని వ్రాసి, కొట్టివేసి, శ్రీ విజయపురం అని వ్రాశాడు. 2024 సెప్టెంబరులో పట్టణానికి పేరు మార్చారు. "నోటికింకా పాతదే వస్తాది" అన్నాడు. వారి బండి విశాఖపట్నం దాకా. అక్కడ బంధువులను చూసుకొని ఓడ ఎక్కుతారట. విశాఖనుండి ఓడ రోజూ ఉండదు, దొరికినప్పుడు పోవాలి. మద్రాసు, కలకత్తాలనుండి కొంచెం తరచుగా ఉంటవి. విమానంలో అయితే రెండు గంటలే గాని, ఇంటిల్లిపాదికీ ఆ ఖర్చు అందరివల్లా కాదు. రెండు కింది బెర్తులు దొరికినవి. చిల్లర తీసుకొంటూ ఆయన కూతురికి టికెట్టు మీది మా స్టేషను పేరు చూపించి తెలుగులో చదివి వినిపించాడు. మరుసటి ఆదివారం నేను మావాడికి పలక కొన్నాను. ఇప్పటికి 'ఠ' దాకా వచ్చాడు.